రౌటరు మగవాళ్ళ సొత్తా?

ఇంట్లో ఏ వస్తువుకి ఎవరు జవాబుదారీయో ఎవరూ కూచుని తీర్మానం చెయ్యరు. అదంతటదే నిర్ణయమైపోతుంది. గ్రైండరు మొరాయిస్తే ఆ పాపం మనది. గ్యాసు నిండుకుంటే ముందే ఎందుకు చూసుకోలేదని మననే అడుగుతారు. పాల లెక్కా, పనిమనిషి జీతమూ, ట్యాంకులో నీళ్ళూ అన్నీ మన శాఖలే. కానీ గోడమీద పచ్చదీపాలు పెట్టుకుని కూచునే వైఫై పెట్టె ఉంది చూశారూ, రౌటరంటారే, దాని జోలికి మాత్రం మనం పోకూడదుట! దుమ్ము దులపొచ్చు. బూజు తియ్యొచ్చు. అంతకి మించి చెయ్యి వేశామా, "అబ్బ, దాన్నెందుకు కదిపావు? ఉన్న నెట్టు కాస్తా పోతుంది" అని హాల్లోంచి కేక వినపడుతుంది.

ఎందుకు కదపకూడదో అడిగి చూడండి. "నీకు తెలీదులే" అంటారు. తెలీదు గనకే కదుటండీ అడిగేది! తెలిస్తే అడగడం దేనికి? కాస్త గుచ్చి గుచ్చి అడిగితే తేలేదేమిటంటే, చెప్పే ఆయనకీ తెలీదు. నూటికి తొంభైమంది మగవాళ్ళకి ఆ పెట్టె గురించి తెలిసింది ఒకటే, స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యడం. ఆ మాత్రం విద్యకి అంత అధికారమేమిటో నాకు అర్థం కాదు. (తొంభై అన్నది నేను లెక్కపెట్టింది కాదు, నోటిమాటగా అన్నదే. మీ ఇంటాయన మిగతా పదిమందిలో ఉంటే సంతోషం.)

నేననేది ఏమిటంటే, రౌటరు ఇంట్లో ఎక్కడుండాలో, దాని తాళం ఎవరి దగ్గరుండాలో, అది పడకేస్తే ఏం చెయ్యాలో తేల్చాల్సింది పగలల్లా ఆ ఇంట్లో మసిలే మనిషి. చాలా ఇళ్ళలో ఆ మనిషి ఇల్లాలే. ఇది స్త్రీవిముక్తి ఉపన్యాసం కాదు. నెట్టు సరిగా పనిచెయ్యాలంటే అంతకన్నా మార్గం లేదు గనక చెబుతున్నాను.

మొదట అది ఎక్కడుందో చూడండి. మా ఇంట్లో బిగించినప్పటి ముచ్చట చెబుతాను. కంపెనీ పేరు మనకెందుకుగానీ, ఆ కుర్రాడు వస్తూనే అడిగిన మొదటి మాట "సార్ లేరా మేడమ్?" అని. లేరన్నాను. "అయితే ఇక్కడే పెట్టేస్తాను, సార్ వచ్చాక చూసుకుంటారు" అని, వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద, అతని చేతిలో వైరు ఎక్కడికి అందితే అక్కడ రెండు మేకులు కొట్టి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పిల్ల చదువుకునే గది వెనకవైపు. నేను గంటలకొద్దీ ఉండే వంటిల్లు ఇంకా వెనక. నడుమ మూడు గోడలు. ఇందులో ఆ కుర్రాణ్ణి అని లాభం లేదు. రోజుకి ఇన్ని ఇళ్ళు పూర్తి చెయ్యాలన్న తొందర అతనిది. కానీ అతను అడగవలసిన ప్రశ్న "సార్ లేరా?" కాదు, "ఇంట్లో నెట్టు ఎక్కువగా వాడేది ఏ గదిలోనండీ?" అని. దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఎదురుగా నిలబడే ఉంది మరి!

మళ్ళీ ఫోన్లు చేసి పిలిపించి, ఇంకో పది గజాల వైరు లాగించి, ఇంటి నడిమధ్యకి, నెత్తికి జానెడు ఎత్తున బిగించేసరికి నెల పట్టింది. ఆ నెల పొడుగునా, "ఎందుకంత పట్టుదల, వస్తోందిగా" అని ఇంట్లోవాళ్ళ సన్నాయినొక్కులు. వాళ్ళకి వస్తోంది. హాల్లో సోఫా మీద కూచునేవాళ్ళకి ఎప్పుడూ వస్తుంది.

ఆ పెట్టె చేసేదల్లా చిన్నపాటి రేడియో స్టేషను పని. దాని బలం మహా అయితే ఒక వాటులో పదోవంతు ఆ ప్రాంతం. ఆ కొంచెం బలంతో గోడలు దాటుకుంటూ పోవాలి. తలుపుచెక్కా, కిటికీ పరదా దానికి ఒక లెక్క కాదు. తొమ్మిదంగుళాల ఇటికగోడ అయితే ఆయాసపడుతుంది. ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు గోడా, శ్లాబూ అయితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఇక ఇనప బీరువా వెనక గానీ, పెద్ద టీవీ వెనక గానీ పెట్టారా, గోతిలో దీపం పెట్టినట్టే. అద్దం బీరువా అయితే అద్దం వెనక పూసిన పూత కూడా దాన్ని తిప్పికొడుతుంది. చేపల తొట్టె పక్కన పెట్టి అందంగా ఉందని మురిసేవాళ్ళు కూడా ఉన్నారు. నీళ్ళు ఆ తరంగాల్ని తాగేస్తాయి. కిందపెట్టే కన్నా ఎత్తున పెట్టడం మంచిది. మూలన పెట్టే కన్నా ఇంటి మధ్యన మంచిది. మూలన పెడితే సగం సిగ్నలు పక్కింటివాళ్ళ పెరట్లోకి పోతుంది, డబ్బు కట్టేది మనం.

మూల అంటే గుర్తొచ్చింది. మన ఇళ్ళలో దీనికి వాస్తు కూడా మొదలైంది. కరెంటు వస్తువు గనక అగ్నిస్థానం, ఆగ్నేయ మూల పెట్టాలని ఒక పెద్దాయన మా బంధువులింట్లో సెలవిచ్చారు. ఆగ్నేయంలో ఉండేదేమిటి? వంటిల్లు! అక్కడ ఫ్రిజ్జూ, స్టీలు సామానూ, పైగా మైక్రోవేవ్ ఓవెనూ. రౌటరుకి అంతకన్నా గిట్టని చోటు ఇల్లంతా వెతికినా దొరకదు. వాస్తు మీద నమ్మకం ఉన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. బ్రహ్మస్థానం ఖాళీగా ఉంచమంటారు కదా, నేల ఖాళీగా ఉంచి, గోడకి ఎత్తున బిగించుకుంటే శాస్త్రానికీ శాస్త్రానికీ పొత్తు కుదురుతుంది.

ఆ రౌటరుకి చెవుల్లాగా నిలబడి ఉంటాయే ఏంటెనాలు, వాటిలోంచి సిగ్నలు ఎలా వస్తుందో తెలుసాండీ? అచ్చం గారెలా. నిలువుగా ఉన్న ఏంటెనా గారె మధ్య చిల్లులోంచి దూర్చిన పుల్ల అనుకోండి. దాని చుట్టూ గారె ఎలా పరుచుకుంటుందో సిగ్నలూ అలా పక్కలకి పరుచుకుంటుంది. పుల్ల కొసన, అంటే సరిగ్గా నెత్తిమీదా, సరిగ్గా కిందా, చాలా తక్కువ. అంచేత ఒకే అంతస్తు ఇల్లయితే ఏంటెనాలు నిటారుగా ఉంచాలి. మేడ మీద కూడా గదులుంటే ఒకదాన్ని అడ్డంగా వంచితే గారె నిలబడి పైకీ కిందికీ కూడా అందుతుంది. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. గారె ఒత్తడం వస్తే చాలు. కొన్ని పెట్టెలకి ఏంటెనాలు లోపలే ఉంటాయి, వాటికి ఈ బాధ లేదు.

ఇంకో సంగతి. ఫోన్లో వైఫై పేర్లు చూస్తే ఒకే పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5జి అని తగిలించి కనబడుతుంది. అది సెల్‌ఫోను 5జి కాదు. రౌటరుకి రెండు గొంతులున్నాయన్నమాట. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. పెళ్ళి ఊరేగింపు దూరాన వస్తున్నప్పుడు మనకి ముందుగా వినపడేది ఏమిటి? డోలు. సన్నాయిలో సంగతులు దగ్గరకొస్తేగానీ తెలియవు. 2.4 డోలు లాంటిది. వేగం తక్కువ, కానీ గోడలు దాటి దూరం వస్తుంది. 5 సన్నాయి. దగ్గర కూచుంటే మహా వేగం, రెండు గోడలు అడ్డం వస్తే ఊపిరి ఆగిపోతుంది. వెనక గదిలో పిల్ల 5 పట్టుకుని "అమ్మా, క్లాసు తిరుగుతూనే ఉంది" అని ఏడుస్తూంటే 2.4కి మార్చి చూడండి. రౌటరు ఎదురుగా కూచుని 2.4 పట్టుకు వేళ్ళాడుతుంటే రెండోదానికి మార్చండి. కొన్ని రౌటర్లు రెండింటికీ ఒకే పేరు పెట్టి వాటంతటవే మారుస్తాయి. అన్నిసార్లూ తెలివిగా మారుస్తాయని మాత్రం నేను హామీ ఇవ్వను.

మధ్యాహ్నం పన్నెండున్నరకి సరిగ్గా నెట్టు నత్తనడక నడుస్తోందని మా ఆడపడుచు చాన్నాళ్ళు కంపెనీవాళ్ళని తిట్టిపోసింది. ఆ వేళకి వంటింట్లో ఏం జరుగుతుందో వాళ్ళింట్లో మగవాళ్ళకెవరికీ తట్టలేదు. కూరలు వెచ్చబెట్టడం! మైక్రోవేవ్ ఓవెను తిరిగేది కూడా దాదాపు ఆ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. ఓవెను బలం వందల వాట్లు, రౌటరుది వాటులో పదోవంతు. తలుపు సందుల్లోంచి కారే పిసరంత కూడా దాని గొంతు నొక్కెయ్యడానికి చాలు. మన ఆరోగ్యానికి ఆ పిసరుతో ప్రమాదం లేదుగానీ రౌటరుకి ఉంది. కనిపెట్టిందెవరనుకున్నారు? ఓవెను బటను నొక్కే ఆవిడే. ఇంటి దినచర్య తెలిసినవాళ్ళకే ఇలాంటి జబ్బు కనబడుతుందని నేను మొత్తుకునేది అందుకే.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి ఓవెనొక్కటే కాదు, ఇరుగుపొరుగులు కూడా ఓవెన్లే. 2.4లో పక్కదాని మీద పడకుండా నిలబడగలిగిన దారులు మూడే, 1, 6, 11 నెంబర్లవి. యాభై ఇళ్ళ రౌటర్లు ఆ మూడు దారుల్లోనే తోసుకుంటున్నాయి. మీ చుట్టుపక్కల ఏది తక్కువ రద్దీగా ఉందో ఫోన్లో ఉచితంగా దొరికే చిన్న యాప్‌తో చూసుకుని, రౌటర్లో ఆ నెంబరు పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాల పని. బజార్లో ఏ కొట్లో రద్దీ లేదో చూసి అటు నడవడం మనకి కొత్తా?

ఇంత రద్దీ ఎందుకొచ్చిందంటే ఆ గాలి ఎవరి జాగీరూ కాదు గనక. ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రం లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని మన కేంద్ర ప్రభుత్వం 2005లో ప్రకటించింది. ప్రభుత్వానికి లేని అభ్యంతరం ఇంటాయనకి ఎందుకుండాలి? ఢిల్లీ ఎత్తేసిన లైసెన్సుని హాల్లో మళ్ళీ పెట్టడమేమిటండీ?

ఇదేదో చిన్న విషయాన్ని పట్టుకుని సాగదీస్తోంది అనుకుంటున్నారేమో. ఒక లెక్క చెబుతాను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నడుమ జరిగింది. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని పదిహేను నించి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో వాడామన్న మగవాళ్ళు 48.8 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. తెలంగాణలో మగవాళ్ళు 57.9, ఆడవాళ్ళు 26.5. సగం కూడా లేం! మొత్తం దేశం లెక్కయినా మనకన్నా నయం, ఆడవాళ్ళు 33.3 శాతం. చదువుల్లో ముందున్నామనీ, ఇంటికొక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాడనీ చెప్పుకునే మన రాష్ట్రాల సంగతి ఇది. ఆ తర్వాత అంకెలు పెరిగే ఉంటాయి, లాక్‌డౌను చాలామంది చేత ఫోను పట్టించింది. కానీ అడుగున ఉన్న అలవాటు ఏమిటో ఆ అంకెలు చెబుతూనే ఉన్నాయి. ముందు ఇంట్లో ఆయనకి, తర్వాత అబ్బాయికి, మిగిలితే మనకి. కూర వడ్డించుకున్నట్టే.

2020 మార్చిలో అందర్నీ ఇళ్ళలో కూచోబెట్టినప్పుడు ఈ వరస ఎంత నిక్కచ్చిగా అమలైందో మీ ఇంట్లో మీరే చూసి ఉంటారు. ఆయన ఆఫీసు మీటింగు హాల్లో, రౌటరు పక్కన. అబ్బాయి ఇంజనీరింగు క్లాసులు ముందు గదిలో. ఆడపిల్ల క్లాసు వెనక గదిలో. టీచరు ఉద్యోగం చేస్తున్న తల్లి మాత్రం పాఠం చెప్పేది వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని, సిగ్నలు ఒక గీత ఉన్నచోట. జీతం ఆవిడకీ వస్తోంది కదా అని ఎవరైనా ఆలోచించారా? పెట్టె పది అడుగులు జరిపితే సరిపోయేది.

ఇక తాళం సంగతి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. రౌటరుకి రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి మనం ఫోన్లో కొట్టి నెట్టు వాడుకునేది. అది వీధి గేటు తాళం లాంటిది, చుట్టాలకీ పిల్లల స్నేహితులకీ కూడా ఇస్తాం. రెండోది రౌటరు లోపలి పేజీ తెరిచేది, అది బీరువా తాళం. పెట్టె అడుగున అతికించిన కాగితం మీద 192.168.1.1 అనో 192.168.0.1 అనో అంకెలుంటాయి, పక్కన పేరూ పాస్‌వర్డూ. వైఫైలో ఉన్న ఫోన్లో, వెబ్ పేజీ తెరిచేచోట ఆ అంకెలు కొడితే లోపలి పేజీ వస్తుంది. ఏ ఫోను నెట్టు వాడుతోందో, ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో, రాత్రి ఎన్నింటికి కట్టెయ్యాలో అన్నీ అక్కడే. ఆ తాళం ఎవరి దగ్గరుంటే ఇంట్లో నెట్టు పెత్తనం వాళ్ళది.

ఆ పెత్తనం ఎంతవరకు పోతుందో వినండి. మా వాడకట్టులో ఒకావిడ ఇంట్లో కూచుని పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పుకుంటుంది. మొగుడూ పెళ్ళాలకి ఏదో మాటామాటా వచ్చింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. పెద్దమనిషి. వైఫై పాస్‌వర్డు మార్చి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆవిడ క్లాసులు లేవు. ఇద్దరు పిల్లలు మానేశారు. ఆ ఇద్దరి ఫీజూ ఆవిడ తన తల్లికి మందులకి పంపే డబ్బు. పక్కింట్లో వినడానికి ఒక్క కేక కూడా లేదు, ఎవరైనా వచ్చి అడగడానికి ఒక్క దెబ్బ కూడా లేదు. ఇలాంటి శిక్ష మా అమ్మమ్మల కాలంలో లేదు. అప్పట్లో కనీసం తాళాలగుత్తి ఆవిడ బొడ్లోనే ఉండేది.

అందుకని ఆ రెండో తాళం ఇద్దరి దగ్గరా ఉండాలి. కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డు చాలా పెట్టెల్లో ఊహించడానికి సులువుగా ఉంటుంది, వెంటనే మార్చాలి. మార్చేటప్పుడు పక్కన మీరూ కూచోండి. ఆయన పుట్టినరోజో, అబ్బాయి పేరో పెడతానంటే ఒప్పుకోకండి, అది వీధిలో అందరికీ తెలుసు. డబ్ల్యూపీఏ-2 గానీ డబ్ల్యూపీఏ-3 గానీ అన్న భద్రత ఎంచుకోండి. కొన్ని కంపెనీలు ఆ లోపలి తాళం తమ దగ్గరే పెట్టుకుంటాయి. ఫోన్ చేసి, డబ్బు కట్టేది మేము, అడిగే హక్కు మాదని అడగాలి. అలా ఫోన్ చేసినప్పుడు "రిజిస్టరు చేసిన నెంబరునించి చెయ్యండి మేడమ్" అంటారు. ఆ నెంబరు ఎవరిది? సార్‌ది! సారేమో ఏ మీటింగులోనో ఉంటారు, ఓటీపీ ఆయన జేబులో ఉంటుంది. కనెక్షను తీసుకున్నప్పుడే మీ నెంబరు రెండోదిగా రాయించండి. అదేం గొంతెమ్మ కోరిక కాదు.

"పాడైతే మీకేం తెలుస్తుంది?" అని అడిగేవాళ్ళకి ఇప్పుడు జవాబు చెబుతాను. పప్పు ఉడకలేదనుకోండి. మనం ఏం చేస్తాం? కుక్కరు మార్చేస్తామా? గాస్కెట్టు సరిగా ఉందా, నీళ్ళు సరిపోయాయా, పప్పు పాతదా అని వరసగా చూస్తాం. ఇదీ అంతే. ముందు, ఒక్క ఫోన్లోనే రాదా, అన్నిట్లోనూ రాదా? ఒక్క ఫోన్లోనే అయితే తప్పు ఫోనుది. అందులో ఆ వైఫైని మరిచిపొమ్మని చెప్పి, మళ్ళీ పాస్‌వర్డు కొట్టి కలపండి. ఒక్క గదిలోనే రాకపోతే పెట్టె ఉన్న చోటుది తప్పు. ఎక్కడా రాకపోతే దీపాలు చూడండి. ఫైబరు కనెక్షన్ల పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఉన్నచోట ఎర్రదీపం వెలుగుతూంటే, కొట్టుకుంటూంటే, బయటినించి వచ్చే గాజుతీగ ఎక్కడో తెగింది, లేదా మడతపడింది. సన్నటి గాజుతీగ అది, కరెంటు వైరులా మడిచి మేకు కింద కుక్కకూడదు. అప్పుడు మీరు స్విచ్చి ఎన్నిసార్లు ఆపి వేసినా ఒరిగేది లేదు, కంపెనీకి ఫోన్ చెయ్యాల్సిందే. "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని ఒక్కమాట అనండి, అవతల గొంతు ఎలా మారుతుందో చూద్దురుగాని. ఎర్రదీపం లేకపోతే స్విచ్చి ఆపి, అరనిమిషం ఆగి వెయ్యండి. దీపాలన్నీ కుదురుకోడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతలోకే మళ్ళీ ఆపేసే అసహనం మాత్రం పనికిరాదు.

ముట్టుకోకూడనిది ఒక్కటుంది. పెట్టె వెనక పిన్నీసు పట్టేంత చిల్లు, రీసెట్ అని రాసి ఉంటుంది. దాన్ని పొడిచి పట్టుకుంటే మీ పాస్‌వర్డులే కాదు, కంపెనీవాళ్ళు ఎక్కించిన వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. "ఆడవాళ్ళు ముట్టుకుంటే పాడవుతుంది" అనే మాట పుట్టింది ఈ ఒక్క చిల్లు నించే. ఆ చిల్లు మగవాళ్ళు పొడిచినా పాడవుతుంది.

రాత్రిపూట కరెంటు ఖర్చని రౌటరు కట్టేసే పొదుపరుల సంగతీ చెప్పాలి. అది తినేది గంటకి పది వాట్ల లెక్క. రోజంతా వెలిగినా పావు యూనిట్టు దాటదు. నెలకి ఏడు యూనిట్లు. అదే ఇంట్లో గీజరు ఆపడం మరిచిపోయేదెవరో నేను చెప్పను. పిల్లలు రాత్రిళ్ళు ఫోన్లు చూస్తారని కట్టెయ్యడం వేరే సంగతి, అది న్యాయమైన కారణం. దానికీ లోపలి పేజీలో వేళలు పెట్టుకోవచ్చు.

సిగ్నలు అందని గదికి రిపీటరు అమ్ముతారు బజార్లో. అమ్మేవాడు చెప్పడుగానీ, దాన్ని సిగ్నలు లేని గదిలో పెడితే దండగ. లేని సిగ్నలుని అది మాత్రం ఏం పట్టి ఇస్తుంది? రౌటరుకీ ఆ గదికీ నడుమ, సిగ్నలు ఇంకా బాగున్నచోట పెట్టాలి. అలా పెట్టినా చవకరకాల్లో వేగం సగానికి పడిపోతుంది, వినడానికీ చెప్పడానికీ అదొక్కటే గొంతు గనక. నా మాట వింటే వైరు లాగించి, ఆ కొసన రెండో రౌటరు పెట్టుకోండి, అటక మీద పాతది ఉంటే అదైనా సరే. అయితే అందులో డీహెచ్‌సీపీ అన్నది కట్టెయ్యాలి, దాని లోపలి నెంబరు మొదటిదానితో కలవకుండా మార్చాలి. డీహెచ్‌సీపీ అంటే బంతిలో ఎవరు ఏ విస్తరి ముందు కూచోవాలో చెప్పే పెద్దమనిషి. ఒకే బంతికి ఇద్దరు పెద్దమనుషులు తయారై ఒకే విస్తరి ఇద్దరికి చూపిస్తే ఏమౌతుందో పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మగవాళ్ళని ఇంత అన్నాను గనక మనవాళ్ళనీ ఒకమాట అనాలి. "అమ్మో, నాకవేవీ తెలీవమ్మా, అన్నీ ఆయనే చూసుకుంటారు" అని నవ్వుతూ, కాస్త గర్వంగా చెప్పే ఆడవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డెబ్భై వాయిదాల చీటీ లెక్క కాగితం లేకుండా చెబుతారు. సీరియల్లో ఎవరికెవరు ఏమౌతారో మూడు తరాలు తడుముకోకుండా చెబుతారు. నాలుగు దీపాల సంగతి తెలీదుట! అది తెలీకపోవడం కాదు, తెలుసంటే ఆ పని కూడా నెత్తిన పడుతుందన్న భయం. ఆ భయం నాకూ అర్థమౌతుంది, మనకున్న పనులు చాలవా ఏమిటి? కానీ పని నెత్తిన పడకుండా తప్పించుకున్నామనుకుంటూ పెత్తనం వదులుకుంటున్నాం.

ఇవి ఆడవాళ్ళ బుర్రకి ఎక్కేవి కావనేవాళ్ళూ ఉన్నారు. ఒకే ప్రాంగణంలో కంప్యూటర్లని కలిపే నెట్‌వర్కుల్లో సందేశాలు ఒకేచోట గుండ్రంగా తిరిగి తిరిగి చిక్కుపడిపోకుండా దారి చూపించే పద్ధతిని 1985లో కనిపెట్టింది రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికా ఆవిడ. ఆ తర్వాత దశాబ్దాలపాటు నెట్‌వర్కులు దాని మీద నడిచాయి. హెడీ లమార్ అనే హాలీవుడ్ తార, సంగీతకారుడు జార్జ్ ఏంథీల్‌తో కలిసి 1942లో ఒక పేటెంటు సంపాదించింది, శత్రువులు అడ్డుకోకుండా రేడియో సంకేతాన్ని ఒక దారినించి ఇంకో దారికి గెంతించే ఉపాయం. వైఫై ఆవిడే కనిపెట్టిందని రాసేవాళ్ళ అతిశయోక్తి నాకు నచ్చదు. కానీ 1997లో వచ్చిన మొట్టమొదటి వైఫై ప్రమాణంలో ఆ గెంతుడు పద్ధతి కూడా ఒకటి, బ్లూటూత్‌లో ఇప్పటికీ ఉంది. వాళ్ళిద్దర్నీ "సార్ లేరా?" అని ఎవరూ అడిగి ఉండరని నేననుకోను. అడిగే ఉంటారు.

చెయ్యాల్సింది పెద్దగా లేదు. ఈ ఆదివారం ఆయన పేపరు చదువుతున్నప్పుడు స్టూలేసుకుని ఆ పెట్టె అడుగున కాగితం ఫోటో తీసుకోండి. గ్యాసు పుస్తకం వెనక ఒక పేజీలో కంపెనీ ఫోను నెంబరు, మీ కనెక్షను నెంబరు, రెండు పాస్‌వర్డులు, ఏ దీపం ఏ రంగులో ఉంటే ఏమిటి అన్నది తెలుగులో రాసి పెట్టండి. లోపలి పేజీలో అతిథులకి వేరే వైఫై పెట్టుకునే వీలుంటుంది, దానికొక పాస్‌వర్డు పెట్టండి. ఆ గ్యాసు పుస్తకం పేజీ కూతురికీ, కోడలికీ చూపించండి. అల్లుడుగారికి అతిథుల పాస్‌వర్డు చాలు.